అచ్చమ్మగారి గ్రౌండులో ఆడవాళ్ల గ్యాలరీ

అచ్చమ్మగారి గ్రౌండుకి పోనియ్యమంటే ఆ రోజుల్లో విజయవాడ రిక్షావాడు దారి అడిగేవాడు కాదు. "ఇయ్యాల ఏముందండీ అక్కడ?" అని మాత్రం తప్పకుండా అడిగేవాడు. ఏముందని చెప్పాలి! ఒక వారం కుస్తీలు, ఇంకో వారం నాటకాల పోటీలు, ఎండాకాలంలో సువార్త కూటాలు, ఉర్సు రోజుల్లో కవ్వాలీ, ఎలక్షన్లొస్తే మీటింగులు, మధ్యలో సర్కస్సు, ఎడ్ల బండలాగుడు. పొద్దున పహిల్వాను తొడకొట్టిన చోటే సాయంత్రం రాజు వేషగాడు రాజ్యం పోగొట్టుకుని పద్యం అందుకునేవాడు. ఆ నేల దేనికీ కాదనేది కాదు.

అచ్చమ్మగారిని చూసినవాళ్లెవరూ మిగల్లేదు. కాలవ గట్టు పక్కన ఆవిడకి గొడ్లదొడ్డి ఉండేదట. పిల్లాజెల్లా లేని మనిషి, "ఆడుకోండర్రా" అని ఊరికి రాసిచ్చి కన్నుమూసిందట. యుద్ధం రోజుల్లో అక్కడ మిలటరీ లారీలు నిలబెట్టారు. ఆ తర్వాత చుట్టూ గోడ లేచింది, కమిటీ పుట్టింది, ఒక పక్క సిమెంటు స్టేజీ వెలిసింది. గ్యాలరీ మాత్రం లేవలేదు. వచ్చిన ప్రతి కమిటీ ఇదిగో కడుతున్నాం, అదిగో కడుతున్నాం అనేది, దిగిపోయేది. అందుకని పెద్ద ఆట ఏది పెట్టినా సరుగుడు గుంజలు, బల్లలు, కొబ్బరితాళ్లు బండికెత్తుకుని ఇమామ్ మేస్త్రి రావలసిందే. ఆట అయిపోగానే విప్పుకుపోయేవాడు.

ఆ గ్రౌండుకి కాపలాదారు కృపానందం. గేటు పక్క గదిలో భార్య మణెమ్మతో కాపురం. గేటు తాళాలు, నీళ్ల పంపు, స్టేజీ సామాను, మైకు అన్నీ అతని చేతిలోనే ఉండేవి. తప్పిపోయిన పిల్లల గురించి మైకులో చెప్పేది అతనే. "ఎర్ర గౌను వేసుకున్న పాప మన దగ్గరుందండీ, పేరడిగితే అమ్మ అంటోందండీ, ఆ అమ్మ ఎవరో వచ్చి తీసుకెళ్లండీ" అని మెత్తగా చెప్పే ఆ గొంతు వన్ టౌన్ ఆడవాళ్లందరికీ తెలుసు. మనిషి కూడా మెత్తనే. ఎంత మెత్తనంటే, పెద్దవాళ్లెవరైనా గద్దిస్తే ఆ గద్దింపు తప్పించుకోడానికి నోటికొచ్చిన మాట చెప్పేసేవాడు. అదే కొంప ముంచింది.

అసలు సంగతి డెబ్బై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో మొదలైంది. గ్రౌండులో సువార్త కూటాలు పెట్టారు. ఆఖరి రోజు బాప్తిస్మాలు. మామూలుగా అయితే కాలవలో ఇచ్చేవారు. ఎండాకాలం కదా, కాలవలు కట్టేశారు, అడుగున బురద తప్ప ఏమీ లేదు. అందుకని గ్రౌండులోనే కాలవ వైపు మూల మనిషి నడుముదాకా వచ్చే గొయ్యి తవ్వి, టార్పాలిన్ పరిచి, పంపు నీళ్లు నింపారు. ఎంతమందో మునిగి లేచారు. మణెమ్మ కూడా మునిగింది. కృపానందం గట్టున నిలబడి చూసి చిన్నపిల్లాడిలా కళ్లు తుడుచుకున్నాడు.

కూటాలవాళ్లు టార్పాలిన్ లాగేసుకుని వెళ్లిపోయారు. కమిటీ సెక్రటరీ రామకోటేశ్వరరావు గారు గొయ్యి చూసి, "చెత్తబండివాడికి చెప్పి రేపటికల్లా పూడ్పించు" అన్నారు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు, మెడలో విజిలు వేలాడుతూనే ఉండేది, మాట కూడా విజిలు లాగే ఉండేది. ఆ గ్రౌండులో ఏ గొయ్యి తవ్వినా పూడ్చడానికి వచ్చేది వన్ టౌన్ గోడౌన్ల చెత్తే. కుళ్లిన ఉల్లిపాయలు, పుచ్చు మిరపకాయలు, చచ్చిన ఎలకలు. కృపానందానికి ప్రాణం ఒప్పలేదు. మనుషులు పాత బతుకు వదిలిపెట్టి లేచిన నీళ్లవి, తన భార్య మునిగిన నీళ్లవి. వాటిమీద చెత్త పొయ్యడమా! తోడి మురుక్కాలవలో పారబొయ్యడానికి కూడా చేతులు రాలేదు. భార్యాభర్తలిద్దరూ కలిసి పాత స్టేజీ బల్లలు గొయ్యి మీద అడ్డంగా పరిచి, పైన మన్ను కప్పి చదును చేశారు. నీళ్లు వాటంతటవే నేలలోకి ఇంకిపోతాయి, కాలవలొదిలాక మంచి ఒండ్రుమట్టి తెచ్చి తనే శుభ్రంగా పూడుస్తాడు. అదీ అతని లెక్క.

మర్నాడు సెక్రటరీ గారు "పూడ్చావా?" అని అడిగితే, "పూడ్చేశానండి" అన్నాడు. రేపు పూడుస్తాంగా, ఇవాళ పూడ్చానంటే ఏం పోయింది అనుకున్నాడు. కాలవలొదిలారు. వానలొచ్చాయి. గొయ్యి మీద గడ్డి మొలిచింది. రేపు, ఎల్లుండి అనుకుంటూ కృపానందం మర్చేపోయాడు. మణెమ్మ ఒకటి రెండుసార్లు గుర్తుచేసింది, "చేస్తాలేవే" అన్నాడు. మన్ను కప్పేసిన పని మీద బద్ధకం మహా చెడ్డది.

డిసెంబరులో ఆడపిల్లల కబడ్డీ పోటీలు పెట్టారు. గన్నవరం పిల్లలకీ చల్లపల్లి పిల్లలకీ ఫైనలు. ఆడపిల్లలు తొడగొట్టి కూతకెళ్తారంటే ఊళ్లో ఆడవాళ్లంతా కదిలారు. వాళ్లకి వేరే గ్యాలరీ ఉండాలని, కాలవ వైపు చిన్నగేటు దగ్గరైతే మగవాళ్లతో తోసుకోకుండా వచ్చిపోవచ్చని కమిటీ తీర్మానించింది. ఆ తీర్మానం జరిగిన రోజు కృపానందం ఊళ్లో లేడు. పెదనాన్న పోతే గేటు మణెమ్మకి అప్పగించి చల్లపల్లి వెళ్లాడు. సమాధి అయిపోయాక, ఇంటివాళ్లని ఓదార్చే ఆదరణ కూడిక దాకా ఉండమన్నారు, కాదనలేక ఉండిపోయాడు.

ఇమామ్ మేస్త్రి గుంజ నిలబెట్టే ముందు ఎప్పుడూ కృపానందాన్ని వెంటబెట్టుకుని నేల తొక్కి చూసేవాడు. ఈసారి అతను లేడు. సెక్రటరీ గారిని అడిగాడు. "ఆ మూల గొయ్యి ఒకటుండేది, అది ఎండాకాలంలోనే పూడ్చారు, గట్టినేలే" అన్నారాయన. ఆయన తప్పేముంది, తనకి చెప్పిందే చెప్పారు. ఇమామ్ ఇటికలు పరిచి గుంజలు లేపాడు.

ఇమామ్ వాళ్లలో ఒక కట్టుబాటుంది. కొత్త గ్యాలరీ మీద మొదటి ఆటకి మేస్త్రి ఇంటి మనిషి అన్నిటికంటే పై వరసలో, నడిమధ్య కూర్చోవాలి. ఆట అయ్యేదాకా దిగకూడదు. ఇమామ్ తండ్రి తన తల్లిని కూర్చోబెట్టేవాడు, ఇమామ్ తన భార్య జమాల్ బీని కూర్చోబెట్టేవాడు. జనం కూడా ముందు అటే చూసేవాళ్లు. "మేస్త్రి గారి బీబీ కూర్చుందా? అయితే ఎక్కొచ్చు" అనేవాళ్లు. ఆవిడ మోకాళ్ల నొప్పులతో మెల్లగా ఎక్కి, కొంగు తలమీదుగా లాక్కుని, తమలపాకుల డబ్బీ ఒళ్లో పెట్టుకుని రాణీగారిలా కూర్చునేది.

ఫైనలు రోజు కృపానందం చల్లపల్లి బస్సు దిగి గ్రౌండుకొచ్చేసరికి ఆట సగానికి దగ్గరపడుతోంది. లోపల అరుపులు గోడ దాటి వినబడుతున్నాయి. గేటు దాటుతూనే నవ్వుకుంటూ అటు చూశాడు. ఆడవాళ్ల గ్యాలరీ కాలవ వైపు మూల ఉంది. కింది నుంచి పై దాకా సందు లేకుండా రంగు రంగుల చీరలు. పై వరస నడిమధ్య జమాల్ బీ.

చేతిలో సంచి అక్కడే పడేసి గ్యాలరీ వెనక్కి పరిగెత్తాడు. వంగి గుంజల మధ్యలోంచి చూశాడు. ముందువరస గుంజలు రెండు సరిగ్గా గొయ్యి మీద ఉన్నాయి. వాటికింద ఇటికలు నేలలోకి కుంగాయి. చుట్టూ మట్టి బల్లల అంచు వెంబడి నెర్రె విచ్చింది. చల్లపల్లి పిల్ల ఎవరినో ముట్టుకొచ్చినట్టుంది, పైన ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ కాళ్లు దబదబలాడించారు. గుంజ ఇంకాస్త దిగింది. కృపానందం చూస్తుండగానే దిగింది.

ఇమామ్ మేస్త్రి సోడా బండి దగ్గర నిలబడి ఆట చూస్తున్నాడు. పనివాళ్లు హోటలుకి పోయారు.

"అన్నా, ఆ గ్యాలరీ గొయ్యి మీదుంది."

"ఏ గొయ్యి?"

"బాప్తిస్మం గొయ్యి."

"పూడ్చావంటగా? సెక్రటరీ గారు చెప్పారే."

"పూడ్చలేదన్నా. బల్లలేసి మన్ను కప్పా. అబద్ధం చెప్పా. గుంజలు దిగిపోతన్నాయన్నా."

ఇమామ్ తిట్టలేదు, కొట్టలేదు. చేతిలో సోడా సీసా బండి మీద పెట్టి గ్యాలరీ పై వరస వైపు చూశాడు.

"వదిన్ని పిలువన్నా! ముందు ఆమెని దింపు!" అన్నాడు కృపానందం.

"నీకేమన్నా మతి పోయిందా? ఆమె లేస్తే అందరూ లేస్తారు. అందరూ ఒక్కసారి లేచారంటే అక్కడికక్కడే కూలిపోద్ది. ఆమె ఆఖర్న దిగాలి. ఆ సంగతి ఆమెకీ తెలుసు. నువ్వు పో, ఏం చేస్తావో చెయ్యి, కింద వరసనించి నిమ్మళంగా దింపించు. కేకలెయ్యమాక."

కేకలేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. సర్కస్సు వచ్చిన ఏడాది ఎవడో ఆకతాయి "పులి తప్పించుకుంది" అని అరిచాడు. పులి బోనులో హాయిగా నిద్రపోతూనే ఉంది, జనం మాత్రం ఒకళ్లనొకళ్లు తొక్కి చేతులూ కాళ్లూ విరగ్గొట్టుకున్నారు. ఇమామ్ మిగిలిన సరుగుడు గుంజలు రెండు భుజానికెత్తుకుని గ్యాలరీ కిందికి దూరాడు. ఒకటి అడ్డంగా, ఒకటి ఊతంగా పెట్టి, ఆ ఊతానికి తన భుజం ఆనించాడు.

కృపానందం స్టేజీ మీదికి వెళ్లి సెక్రటరీ గారి చెవిలో చెప్పాడు. ఆయన ముఖం జేవురించింది. "నీ మొహం మండా! పూడ్చేశానన్నావు కదరా నాతో!" అని పళ్లు కొరికారు. విజిలు నోట్లో పెట్టుకోబోయారు.

కృపానందం ఆయన చెయ్యి పట్టుకున్నాడు. బతుకులో మొదటిసారి పెద్దమనిషి చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆట ఆపకండి మాస్టారూ! ఆపితే లేస్తారు. హాఫ్ టైము కొట్టినా లేస్తారు, సోడాలకని ఒక్కసారే లేస్తారు. ఈ లోపలే దింపాలి. నన్ను తర్వాత ఏమన్నా చెయ్యండి."

రామకోటేశ్వరరావు గారు కోపిష్టే గానీ బుర్ర లేనివారు కాదు. స్టేజీ మీది జంపఖానాలు కోర్టు పక్కన పరిపించారు. రెఫరీని పిలిచి, తను చెయ్యి ఊపేదాకా హాఫ్ టైము కొట్టొద్దని చెప్పారు. మైకు తీసి కృపానందం చేతిలో పెట్టారు. "నేను మాట్లాడితే తిడుతున్నాననుకుంటారు. నీ గొంతైతే వింటారు. వణక్కుండా చెప్పి చావు."

కృపానందం మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"అమ్మలకీ అక్కలకీ మనవండీ. మీరు ఆట దగ్గర్నించి చూడాలని కమిటీ వారు కోర్టు పక్కన జంపఖానాలు పరిచారండీ. గ్యాలరీలో అన్నిటికన్నా కింద వరసవాళ్లు మాత్రం లేచి, నిమ్మళంగా వచ్చి కూర్చోండి. మిగతా వరసలవాళ్లు దయచేసి కదలొద్దండీ, నేను పిలుస్తాను. తోసుకుంటే చోటివ్వమండీ."

కింద వరస లేచింది. నవ్వుకుంటూ, కొంగులు సర్దుకుంటూ వచ్చి కూర్చున్నారు. రెండో వరసని పిలిచాడు. మూడో వరసలో ఒక లావుపాటావిడ ఆగలేక లేచి నిలబడి, "మమ్మల్నెప్పుడు పిలుస్తావయ్యా, ఆట అయిపోయాకా?" అని అరిచింది. ఆవిడ వెనక ఇంకో నలుగురు లేచారు. "మీదేనండీ తర్వాత వరస. కూర్చుంటేనే పిలుస్తానండీ, నుంచుంటే లెక్కలోకి రారండీ" అన్నాడు కృపానందం. ఆవిడ గొణుక్కుంటూ కూర్చుంది. జనం నవ్వారు. అతనికి ఏడుపొచ్చింది.

సగం వరసలు ఖాళీ అయ్యాక కిందనించి ఫెళ్లున చప్పుడొచ్చింది. గొయ్యి మీద బల్ల విరిగింది. గ్యాలరీ ఒక పక్కకి జర్రున కదిలి ఆగింది. మిగిలిన ఆడవాళ్లంతా బల్లలు గట్టిగా పట్టుకున్నారు. "ఏందా చప్పుడు?" అని ఎవరో అన్నారు. అందరూ వెనక్కి తిరిగి జమాల్ బీ వైపు చూశారు. ఆవిడ లేస్తే లేవడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు.

ఆవిడ డబ్బీ తెరిచింది. తమలపాకు తీసి, తొడ మీద తుడిచి, సున్నం రాసుకుంది. "కొత్త కట్టు కదమ్మా, గుంజలు సర్దుకుంటన్నయ్. కూర్చోండి, మీ వరస పిలిస్తే పోండి" అంది. ఆకు మడిచి బుగ్గన పెట్టుకుంది. ఆడవాళ్లు మళ్లీ ఆట వైపు తిరిగారు.

కృపానందం ఒక్కో వరసనీ పిలుస్తున్నాడు. గ్యాలరీ కింద ఇమామ్ కనబడటం లేదు, అతని మూలుగు మాత్రం ఒకసారి వినిపించింది. మధ్యమధ్య కోర్టులో కూత, చప్పట్లు. కూతకెళ్లిన పిల్లకి ఊపిరి అందుతోంది గానీ మైకు పట్టుకున్నవాడికి అందడం లేదు. వరసలు ఖాళీ అయ్యేకొద్దీ పై వరస స్పష్టంగా కనబడింది. అప్పుడు చూశాడు. జమాల్ బీ పక్కన, ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నది మణెమ్మ.

మైకు చేతిలోంచి జారబోయింది. సెక్రటరీ గారు కింద పట్టుకున్నారు. "చెప్పు, ఇంకొక్క వరసే" అన్నారు. ఆయన గొంతులో కోపం పోయింది.

"పై వరస… పై వరసవాళ్లు… ఒక్కొక్కళ్లే రండమ్మా" అన్నాడు. అటు చివరనించి, ఇటు చివరనించి ఒక్కొక్కళ్లే దిగారు. నడిమధ్య ఇద్దరూ మిగిలారు. అప్పుడు కిందనించి ఇమామ్ కేకేశాడు. "అయిపోయింది, రా ఇంక!"

జమాల్ బీ మోకాళ్లు వంగవు. మణెమ్మ ముందు ఒక మెట్టు దిగి, వెనక్కి తిరిగి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని దింపడం మొదలుపెట్టింది. ఒక మెట్టు. ఆగడం. ఇంకో మెట్టు. బల్లలు కిర్రుమంటున్నాయి. గ్యాలరీ ముందుకు వంగుతోంది. అది ఇప్పుడు జంపఖానాల మీద కూర్చున్న ఆడవాళ్లందరికీ కనబడుతోంది, అందరూ నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. కోర్టులో ఆడపిల్లలు కూడా ఆట ఆపేసి నిలబడిపోయారు. కృపానందం మైకు వదిలేసి పరిగెత్తాడు. వాళ్లిద్దరినీ నేలమీదికి లాక్కుని, "అన్నా, బయటికి రా!" అని అరిచాడు.

ఇమామ్ ఊతం వదిలి పాకుతూ వచ్చాడు. అతను బయటపడీ పడకముందే ముందువరస గుంజలు గొయ్యిలోకి దిగబడ్డాయి. గ్యాలరీ మొత్తం పెళపెళలాడుతూ ముందుకు పడి నేలమట్టమైంది. దుమ్ము లేచింది. దుమ్ములోంచి నీళ్ల చప్పుడు వచ్చింది. వానాకాలం నీళ్లు గొయ్యిలో ఇంకా ఉన్నాయి.

ఒక్కసారిగా ఏడుపులు, దేవుళ్ల పేర్లు, పిల్లల్ని గుండెకు హత్తుకోవడాలు. లావుపాటావిడ వచ్చి జమాల్ బీ కాళ్లు పట్టుకుంది. ఇమామ్ భుజం చర్మం ఊడిపోయి నెత్తురు కారుతోంది, అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు. చీకటి పడేలోగా రెండో సగం ఆడించారు. చల్లపల్లి పిల్లలు గెలిచారట, కృపానందం చూడలేదు.

ఆ సాయంత్రం కమిటీ కూర్చుంది. కృపానందం దాచకుండా అంతా చెప్పాడు. "నీ నోటితో నువ్వే చెప్పావు గనక పోలీసుల దాకా వెళ్లను. దింపావు గనక తిట్టను. కానీ నిన్ను నమ్మి ఇక ఈ నేల నీకు అప్పగించలేను. గది ఖాళీ చెయ్యి" అన్నారు రామకోటేశ్వరరావు గారు. కృపానందం తాళాలగుత్తి బల్లమీద పెట్టాడు. ఇన్నాళ్లూ గద్దింపుకి భయపడి బతికినవాడికి ఆ తీర్పు న్యాయంగానే తోచింది.

మర్నాడు పొద్దున్నే ఇమామ్ బండి గేటు దగ్గర ఆగింది. భుజానికి కట్టు ఉంది. ముందు రోజు నుంచీ కృపానందంతో ఒక్క మాట మాట్లాడలేదు. "సామాను ఎక్కించు. మా ఇంటి వెనక పాక ఖాళీగా ఉంది" అన్నాడు ముఖం చూడకుండా.

లోపల మణెమ్మ గిన్నెలు మూట కడుతోంది. రాత్రంతా అడగలేక మింగిన మాట కృపానందం అప్పుడు అడిగాడు.

"గొయ్యి ఎక్కడుందో నీకు తెలుసు గదా. మనిద్దరమే గదా కప్పింది. ఎందుకెక్కావే?"

మణెమ్మ తల ఎత్తలేదు. "గుంజలు లేపుతుంటేనే చూశా. చెబ్దామని ఇమామ్ అన్న దగ్గరికి రెండుసార్లు పోయా. చెబితే నిన్ను అబద్ధాలకోరంటారు, పని తీసేస్తారు. నువ్వొస్తావులే, వచ్చి నువ్వే చెబుతావులే అనుకున్నా. నువ్వు రాలేదు. ఆమె ఎక్కి కూర్చుంది. చెప్పడానికి నోరు రానిదాన్ని, కింద నిలబడి చూస్తానా? పోయి పక్కన కూర్చున్నా. అంతమంది ఆడవాళ్లు నా కళ్లకి ఆనలేదయ్యా. దేవుడు నన్నెట్టా క్షమిస్తాడో."

"జమాల్ బీకి చెప్పావా?"

"పక్కన కూర్చోగానే చెప్పేశా. అప్పటికి గ్యాలరీ నిండిపోయింది."

"ఏమంది?"

"'ఇప్పుడు నేను లేస్తే వీళ్లందరూ చస్తారు, నువ్వు దిగిపో' అంది. నేను దిగలేదు. నా చెయ్యి పట్టుకుంది. ఆట మొదలైన కాడ్నించీ ఆమెకి తెలుసు."

కృపానందం ట్రంకుపెట్టె మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. మణెమ్మ మూట ముడేసి అతని పక్కన కూర్చుంది. బయట బండి దగ్గర్నించి ఇమామ్, "ఎండెక్కుతోంది, రండి" అని పిలిచాడు.